మావయ్య పేచ్‌కస్

మావయ్య పోయాడన్న కబురు నాకు ఉదయం తొమ్మిదిన్నరకి, సర్వీస్ సెంటర్లో నా కౌంటర్ దగ్గర నిలబడి ఉండగా అందింది. ఆ సమయంలో నేనేం చేస్తున్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. ఇంట్లో సోఫాలో కూర్చుని ఫోన్‌తో కారు ఏసీ ఎలా ఆన్ చేసుకోవాలో ఒక కస్టమర్‌కి చూపిస్తున్నాను. మీరు వచ్చి కూర్చునేసరికి లోపలంతా చల్లగా ఉంటుంది సార్ అని, రోజుకి పదిసార్లు చెప్పే మాటే మళ్లీ చెబుతున్నాను. అది జనవరి నెల. ఆయన మెడకి మఫ్లర్ చుట్టుకుని ఉన్నాడు. అప్పుడే అత్తయ్య ఫోన్ చేసింది.

"అమ్మీ, మీ మావయ్య ఎల్లిపోనారే. టీ తాగి గ్లాసు కిందెట్టినారు, అంతే. బేగి రా" అంది. అప్పటికింకా ఆవిడ గొంతులో ఏడుపు కూడా లేదు.

పార్కింగ్‌లోకి పరిగెత్తాను. కారెక్కి బటన్ నొక్కాను. తెర మీద అక్షరాలు వచ్చాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ జరుగుతోందట, అది అయ్యేదాకా బండి స్టార్ట్ కాదట. పద్దెనిమిది శాతం పూర్తయిందట. అరగంట ముందు ఇంకో కస్టమర్‌కి, చూడండి ఎంత సులువో అంటూ నా ఫోన్‌లోంచి ఆ అప్‌డేట్ నొక్కింది నేనే. పద్దెనిమిది పంతొమ్మిది అయ్యేదాకా చూశాను. తర్వాత దిగి టైరుని ఒక తన్ను తన్నాను. కాలికి దెబ్బ తగిలింది గానీ దానికేమవుతుంది.

చివరికి షేర్ ఆటోలో సాక్చీ దాకా, అక్కడ దిగి ఇంకో ఆటోలో మావయ్య ఉండే బారిడీహ్ దాకా వెళ్లాను. ఆ ఆటోకి హ్యాండిలూ హారనూ తప్ప చెప్పుకోదగ్గ సామానేమీ లేదు. అద్దం ఒక పక్క తాడుతో కట్టి ఉంది. అయినా అది నన్ను మావయ్య వీధి మొగలో దింపింది. పన్నెండు లక్షల నా బండి మాత్రం పార్కింగ్‌లో కూర్చుని చదువుకుంటోంది. మావయ్యకి స్నానం చేయించే వేళకి నా ఫోన్ ఒకసారి గుర్రుమంది. అప్‌డేట్ విజయవంతంగా పూర్తయిందట, శుభ ప్రయాణమట. ఆ ఫోన్ని నూతిలో పారేయాలనిపించింది. నూతులు లేని వీధి కాబట్టి బతికిపోయింది.

ఆయన మా అమ్మకి తమ్ముడు. మాకు మావయ్య, వీధి మొత్తానికి మిస్త్రీజీ, అంటే మెకానిక్‌గారు. టెక్కలి వైపు నుంచి పెళ్లి కాకముందే ఈ హిందీ ఊరికి వచ్చి, లారీలు తయారుచేసే కార్ఖానాలో ఇంజన్ టెస్టింగ్‌లో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే చేశాడు. కొత్త ఇంజన్ని బెంచీ మీద బిగించి నడిపిస్తుంటే దాని మంచిచెడ్డలు చూసే పని. గేజీలు ఉండేవి, ముళ్లు ఉండేవి, ఆ ముళ్లు ఏం చెప్పాయో రాసుకునే కాగితాలుండేవి. వాటితో పాటు మావయ్య దగ్గర ఒక స్క్రూడ్రైవరు ఉండేది. మా ఊళ్లో దాన్ని అందరూ పేచ్‌కస్ అంటారు. మూరెడు పొడుగు ఇనుప కడ్డీ, చెక్క పిడి. కడ్డీ కొస ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. ఎన్నో ఏళ్లు అలా వినీ వినీ ఆ పిడి కొస చెవికి సరిపడా అరిగి, నూనె పట్టి నల్లగా నిగనిగలాడేది.

"గేజీ అబద్ధం సెప్పదే. కాకపోతే ఆలీసంగా సెప్తాది" అనేవాడు. ముల్లు కదిలేలోపల చెవికి తెలిసిపోవాలి, అదీ ఆయన లెక్క.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఎండాకాలం సెలవులకి ఆ కార్ఖానావాళ్ల టెల్కో కాలనీలో మావయ్య వాళ్ల క్వార్టర్‌కి వెళ్తే, ఒక మధ్యాహ్నం ఆ పేచ్‌కస్ నా చేతికిచ్చి వంటింట్లో ఫ్రిజ్ వెనక కూర్చోబెట్టాడు. నేను ఆ నల్లటి గొట్టాల వైపు తెల్లబోయి చూస్తున్నాను.

"ఊరికే సూడకు, ఇను" అన్నాడు. "ఏటి ఇనిపించింది?"

"ఎవరో గొణుగుతున్నారు."

"ఎవరు?"

కాసేపు విని, "అమ్మమ్మ" అన్నాను.

ఆయన గోడకి చేరగిలబడి నవ్వాడు. "అయితే బాగానే ఉన్నాది. గొణుగుతున్నంత సేపూ భయం నేదు. ఎప్పుడైనా మూలిగితే నాకు సెప్పు" అన్నాడు. అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి, మీ అమ్మమ్మకి ఈ మాట చెప్తానుండు అని బెదిరించింది. ఆ సెలవులన్నీ మిక్సీ, టేబుల్ ఫ్యాను, పక్కింటి స్కూటరు, ఏది దొరికితే దాన్ని విన్నాను. నేను పెద్దయ్యాక పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ తీసుకున్నది ఆ పేచ్‌కస్ వల్లే. క్లాసులో ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఉద్యోగం వచ్చిన రోజు మావయ్య లడ్డూల పొట్లం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, మా మేనకోడలు బళ్ల డాక్టరయిందని చెప్పుకున్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత నేను చేసింది చెప్పేటప్పుడు అది కావాలి.

మావయ్య పాతకాలం మనిషి, కొత్తది ఏదీ పడదు అని ఎవరైనా అనుకుంటే వాళ్లకి ఆయన తెలియదు. బ్రేకు తొక్కితే చక్రం జారకుండా పట్టుకునే సెన్సార్ లారీలకి రావాలని ఆయన కార్ఖానాలో ఉన్నప్పుడే కోరుకున్నాడు. గుద్దుకుంటే తెరుచుకునే ఎయిర్‌బ్యాగ్ గురించి నేను చెబితే, అది కనిపెట్టినోడి కాళ్లకి దండం పెట్టాలన్నాడు. ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే. ఇది పేనం కాపాడతాదా, పని తగ్గిత్తాదా, లేకపోతే ఊరికే ఉన్నాదా. నేను షోరూం కాగితం మీద ఉన్న ముప్పై ఫీచర్లూ చదివి వినిపిస్తే, ఆరింటికి తలూపాడు.

"మరి ఇదేటి, నానెక్కడికెల్లానో, ఎంత జోరుగా ఎల్లానో ఎవడికో పంపుతాదా?"

"కంపెనీకి మావయ్యా. డేటా. మన డ్రైవింగ్‌కి మార్కులు కూడా వేస్తుంది."

"సెప్పే మిషను వేరు, సాడీలు సెప్పే మిషను వేరే అమ్మీ" అన్నాడు. "నాకు సెప్పాల్సింది నాకు సెప్పకుండా నా మీద ఇంకోడికి సెప్పేదాన్ని ఇంట్లో ఎట్టుకుంటామేటి."

నేను నవ్వేశాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. నా ఉద్యోగమే ఆ చాడీలు అమ్మడం.

రిటైరయ్యాక బారిడీహ్‌లో రెండు గదులు వేసుకుని, ముందు రేకుల షెడ్డులో మిక్సీలూ మోటార్లూ వాషింగ్ మిషన్లూ బాగుచేసేవాడు. ఆ షెడ్డులో కూర్చుని చూస్తే తెలుస్తుంది, మనం ఎంత తెలివితక్కువగా కొంటున్నామో. పక్క వీధి టీచరమ్మ వాషింగ్ మిషను బట్టల మధ్యలో ఆగిపోయి, తెర మీద ఏదో అక్షరమూ అంకే చూపించేది. కంపెనీ మనిషి రెండుసార్లు లోపలి బోర్డు మార్చాడు. మూడోసారి కొత్తది కొనుక్కోండి మేడం అన్నాడు. మావయ్య వెనక పలక విప్పి చూస్తే, నీళ్లు ఎంత ఉన్నాయో కొలిచే సెన్సార్‌కి వెళ్లే సన్నటి గొట్టాన్ని ఎలక కొరికి ఉంది. వేలెడు గొట్టం. అది మార్చి మిషన్ ఇంటికి పంపించాడు. ఎలక కొరికిందని చెప్పడానికి ఆ మిషన్‌కి ఏ అక్షరమూ లేదు, ఏ అంకే లేదు. అంత చదువుకున్న యంత్రానికి తన ఒంట్లో ఎలక ఉందని తెలియకపోతే దాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

నన్ను నేను వదిలేయను. అత్తయ్యకి వంటింటి చిమ్నీ కొనిచ్చింది నేనే. చెయ్యి ఊపితే ఆన్ అవుతుంది, ఇంకోసారి ఊపితే ఆగిపోతుంది, మీట నొక్కే పనే లేదు, చేతులకి జిడ్డున్నా ఫరవాలేదు అని గొప్పలు చెప్పి గోడకి బిగింపించాను. వారం తర్వాత వెళ్తే అత్తయ్య నా మీదకి గరిటె ఎత్తింది.

"ఇది నా సేతులు సూసి ఆడతాదే. ఎండుమిరపకాయలు ఎయ్యగానే ఆగిపోతాది. గరిటె తిప్పితే రేగుతాది. ఇల్లంతా ఘాటు" అంది. ఎదురుగా ఉన్న ఆ పెట్టెకి, పోపు వేసే చెయ్యికీ పిలిచే చెయ్యికీ తేడా తెలియదు మరి. మావయ్య స్టూలెక్కి, అరగంటలో ఒక మామూలు స్విచ్చి పెట్టాడు. టక్కుమని నొక్కితే తిరుగుతుంది, టక్కుమని నొక్కితే ఆగుతుంది. తర్వాత వచ్చిన కంపెనీ మనిషి సెన్సార్ తీసేశారు కాబట్టి వారంటీ చెల్లదన్నాడు. మావయ్య అతనికి టీ ఇచ్చి పంపాడు. ఆ స్విచ్చి ఇప్పటికీ టక్కుమంటూనే ఉంది.

ఇక నా కారు సంగతి. పోయిన సెప్టెంబరులో విశ్వకర్మ పూజ రోజు దాన్ని మావయ్య షెడ్డు ముందుకి తీసుకెళ్లాను. ఆ రోజు ఈ ఊళ్లో ఎవరూ పనిముట్టు పట్టరు. సుత్తి నుంచి క్రేను దాకా అన్నిటికీ బొట్టు పెట్టి దండం పెడతారు. మావయ్య తన సామానంతా ఎర్రగుడ్డ మీద వరసగా పేర్చాడు, నడిమధ్య పేచ్‌కస్. వాటన్నిటికీ పూజ అయ్యాక నా బండి దగ్గరికి వచ్చాడు. నూనెలో సిందూరం కలిపి, ముందు భాగంలో కంపెనీ గుర్తు మీద బొటనవేలితో పెద్ద బొట్టు దిద్దాడు. దాని మీంచి బంపరు దాకా వేలాడేలా లావుపాటి బంతిపూల దండ కట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "బండి తియ్యి" అన్నాడు.

తీశాను. నిమ్మకాయలు చితకనే లేదు. బండి కుయ్యోమని మొత్తుకుని, జానెడు కదిలి, కుదుపుతో ఆగిపోయింది. తెర నిండా ఎర్ర అక్షరాలు, ముందు అడ్డం ఉందట. ఎదురుగా ఉన్నది విశ్వకర్మకి కట్టిన బంతిపూల దండ. ముందుచూపు చూసే రాడార్ సరిగ్గా కంపెనీ గుర్తు వెనకే ఉందనీ, దాని మీద జిడ్డు సిందూరం పూస్తే గుడ్డిదైపోతుందనీ నాకు తెలుసు. రోజూ ఆ పని చేసేదాన్ని, అయినా బొట్టు పెడుతుంటే ఆ ఆలోచనే రాలేదు. ఏ బండికైనా బొట్టు అక్కడే పెడతాం కదా. వీధి వీధంతా నవ్వింది.

మావయ్య నవ్వలేదు. తువ్వాలుతో బొట్టు తుడవడం మొదలుపెట్టాడు. పూజ రోజు తన చేత్తో పెట్టిన బొట్టు తన చేత్తోనే తుడుస్తున్నాడు. ఆ బండి తయారుచేసిన వాళ్లు ఈ దేశంలోనే కదా అమ్ముతున్నారు, ఇక్కడ బండి మూతికి బొట్టు పెడతారని ఒక్కడికైనా తట్టలేదా. దండ విప్పి వెనక అద్దానికి కట్టాడు. నేను బండిని నెమ్మదిగా వీధి చివరి దాకా తీసుకెళ్లి తిప్పుకొచ్చాను. వచ్చేసరికి మావయ్య తల ఒక పక్కకి వంచి నిలబడి ఉన్నాడు.

"వానల్లో నీళ్లలోంచి తోలినావేటి?"

"ఆగస్టులో ఒకసారి మావయ్యా, వంతెన కింద. మోకాలి లోతు."

"ముందర ఎడమ సక్రం. బేరింగులోకి నీరెల్లింది. మార్పించీ" అన్నాడు.

నాకేమీ వినపడలేదు. ఎనిమిది స్పీకర్లున్న బండిలో అద్దాలు ఎక్కించుకుని కూర్చునేదానికి ఏం వినపడుతుంది. అయినా అక్టోబరులో మా సెంటర్లోనే చెకప్‌కి పెట్టాను. కంప్యూటర్ తగిలించారు. లోపం లేదు అని వచ్చింది. ఆ మాటే మావయ్యకి ఫోన్‌లో చెప్పాను. "నాకు పని లేక సెప్పానేటి" అని, "ఉండు, నానే వచ్చి ఇంటాను" అన్నాడు.

గంటలో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చెప్పులు, చంకలో గుడ్డసంచి. నా బండి లిఫ్ట్ మీద ఉంది. తిన్నగా దాని దగ్గరికి వెళ్లి, అక్కడున్న టెక్నీషియన్‌తో చక్రం తిప్పు బాబూ అని హిందీలో చెప్పి, సంచిలోంచి పేచ్‌కస్ తీసి, చక్రం వెనక ఇనుముకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నలుగురు మూగారు. డాక్టర్ సాబ్ ఆ గయే, డాక్టర్‌గారు వచ్చేశారు అని ఒకడు ఫోన్‌తో వీడియో తీయడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే మేనేజర్ పెద్దాఫీసు నుంచి వచ్చిన ఇద్దరితో గాజు గదిలోంచి బయటికి వచ్చాడు.

"యే కౌన్ హై?" ఎవరీయన అని నన్నే అడిగాడు.

నేను అన్న మాట ఇది. "పతా నహీఁ సర్. కిసీ కస్టమర్ కే సాథ్ ఆయే హోంగే." తెలియదు సార్, ఎవరో కస్టమర్‌తో వచ్చినట్టున్నారు.

మావయ్య కళ్లు తెరిచాడు. ఇనుము లోపల దాక్కున్న చప్పుడు వినే మనిషికి, పదడుగుల దూరంలో మేనకోడలు అన్న మాట వినపడదా. నా వైపు చూడలేదు. పేచ్‌కస్ పక్కన పెట్టి, మేనేజర్‌కి రెండు చేతులూ జోడించి, పొరపాటున వచ్చాను సాబ్, మాఫ్ కీజియే అన్నాడు. గార్డు ముందు నడుస్తుంటే వెనకాల గేటు దాటి వెళ్లిపోయాడు. పేచ్‌కస్ అక్కడ పనిముట్ల ట్రాలీ మీద ఉండిపోయింది. నేను కౌంటర్ దగ్గరికి వచ్చి జాబ్ కార్డు మీద, శబ్దం పరిశీలించాం, లోపం లేదు అని రాసి సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం ఫోన్ చేశాను. అత్తయ్య మోకాలి నొప్పి గురించి మాట్లాడాడు, మా అమ్మాయి పరీక్షల గురించి అడిగాడు. పెట్టేసేముందు, "బేరింగు మార్పించీయే అమ్మీ" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

నవంబరులో ఒక ఆదివారం మా అమ్మాయితో ఘాట్‌శిలా వెళ్లి వస్తున్నాను. దానికి పదకొండేళ్లు. మనం తెలుగులో అడిగితే అది హిందీలో జవాబు చెప్పే రకం. ఆ ఉదయమే ఫోన్‌లో పచ్చటి టిక్కు పెట్టి, మీ వాహనం సంపూర్ణ ఆరోగ్యంగా ఉంది అని సందేశం వచ్చింది. దారిలో తెర మీద కాఫీ కప్పు బొమ్మ వచ్చింది. మీరు అలసిపోయినట్టున్నారు, ఆగి కాఫీ తాగండి అని. నా కళ్లు చూసి, నేను స్టీరింగ్ పట్టుకున్న తీరు చూసి, నాకు అలుపు వచ్చిందని కనిపెట్టింది. పాట వస్తోంది, ఏసీ వస్తోంది. అప్పుడు మా అమ్మాయి, "మమ్మీ, కోయీ రో రహా హై" అంది. ఎవరో ఏడుస్తున్నారు మమ్మీ అని.

ఆ పిల్లని కూడా మావయ్య ఫ్రిజ్ వెనక కూర్చోబెట్టాడని నాకు అప్పుడు గుర్తొచ్చింది. పాట ఆపాను. అద్దం దించాను. ఎడమ పక్క నుంచి సన్నగా ఏడుపు. రోడ్డు పక్కకి తీసి దిగేసరికి చక్రం మధ్యలోంచి పొగ వస్తోంది. దగ్గరికి చెయ్యి పెడితే సెగ తగిలింది. అక్కడికి దగ్గర్లో పంక్చర్లు వేసే ఆయన వచ్చి చక్రాన్ని పట్టుకుని ఊపితే గలగలా ఊగింది. ఇంకో రెండు మూడు కిలోమీటర్లు వెళ్లి ఉంటే చక్రం మీ కంటే ముందు ఇంటికి వెళ్లేది దీదీ అన్నాడు. నా బిడ్డ రోడ్డు పక్కన నిలబడి నీళ్లు తాగుతోంది. బండి లోపల తెర మీద కాఫీ కప్పు అలాగే ఉంది.

నాకు ఆవులింత వస్తే తెలుసుకునే బండికి తన చక్రం ఊడిపోతుంటే తెలియదు. ఎందుకు తెలియదంటే, అక్కడ సెన్సార్ పెడితే కాగితం మీద అందంగా కనిపించదు. కాఫీ కప్పు బొమ్మ కనిపిస్తుంది. దాన్ని చూపించి నేను అమ్మగలను, ఎన్నో బళ్లు అలాగే అమ్మించాను. వీటి అవసరం ఉందా లేదా అని సభల్లో పెద్దపెద్ద మాటలు మాట్లాడుకునేవాళ్లు మాట్లాడుకోనివ్వండి. నా మట్టుకు ఆ రోడ్డు పక్కన తేలిపోయింది. బతికించేవి ఉంచండి. మిగతావన్నీ మన చెవులు మూయడానికి పెట్టినవే.

ఆ సాయంత్రమే బారిడీహ్ వెళ్లాను. మావయ్య షెడ్డులో మడతమంచం మీద కూర్చుని ఉన్నాడు. జరిగింది చెప్పాను. నేను అన్న ఆ మాట గురించి కూడా చెప్పాలని నోరు తెరిచాను.

"గుంటపిల్లకేటీ కానేదు కదా. అదే సాలు" అని ఆపేశాడు. అత్తయ్యని కేకేసి టీ పెట్టమన్నాడు. తర్వాత చేతులు చూసుకుంటూ, "నా పేచ్‌కస్ అక్కడే ఉండిపోనాదే. వత్తూ తెచ్చినావేటి?" అన్నాడు.

"రేపు తెస్తాను మావయ్యా."

రేపు ఆడిట్. ఎల్లుండి నెలాఖరు. తర్వాత సంవత్సరాంతం ఆఫర్లు. ఇంకోసారి అడిగాడు, ఇంకోసారి రేపన్నాను. మూడోసారి ఆయన అడగలేదు. నాకు నిజంగా తీరిక లేదని కాదు. ఆ పనిముట్టు చేత్తో పట్టుకుని ఆ వర్క్‌షాపులోంచి నడిస్తే, అది ఎవరిదని ఎవరైనా అడుగుతారు. దానికి జవాబు చెప్పాలి. అదీ నా భయం. ఒక మాట వెనక్కి తీసుకోవడానికి నాకు మూడు నెలలు సరిపోలేదు, ఆయన టీ తాగి గ్లాసు కింద పెట్టేశాడు.

ఆ రోజు ఆయన్ని సువర్ణరేఖ నది ఒడ్డుకి తీసుకెళ్లాక మేం ఆడవాళ్లం ఇంట్లో మిగిలాం. అప్పుడు వంటింట్లోంచి ఆ పాత ఫ్రిజ్ వినపడింది. టెల్కో కాలనీ క్వార్టర్ నుంచి వచ్చిన ఆ ఫ్రిజ్‌కి తెర లేదు, ఫోన్ లేదు. గొణుగుతూనే ఉంది. అత్తయ్య తల తిప్పి, "ఇదొక్కటీ ఆగనేదు" అంది, అప్పుడు ఏడ్చింది.

మొన్న పన్నెండో రోజు అయింది. నిన్న డ్యూటీకి వెళ్లాను. బ్యాగు కౌంటర్ మీద పడేసి తిన్నగా వర్క్‌షాపులోకి నడిచాను. ట్రాలీలన్నీ వెతికాను, సొరుగులన్నీ లాగాను. చివరికి బళ్లు కడిగే చోట, గ్రీజు డబ్బాల పక్కన దొరికింది. డబ్బా మూతలు లేపడానికి వాడుతున్నారు. కడ్డీ కొస వంగిపోయింది. చెవికి సరిపడా అరిగిన ఆ పిడి మీద సుత్తితో కొట్టి కొట్టి నిలువునా చీల్చారు. దాని మీద సెప్టెంబరులో పెట్టిన సిందూరం పగులులో ఇంకా కొంచెం ఉంది.

ఆ రోజు వీడియో తీసిన టెక్నీషియనే అక్కడున్నాడు. "మేడం, యే తో కబాడ్ మేఁ పడా థా. కిస్‌కా హై?" అన్నాడు. చెత్తలో పడి ఉంది మేడం, ఎవరిదిది అని.

"మా మావయ్యది" అన్నాను. తెలుగులోనే వచ్చింది. అతనికి అర్థం కాలేదు. హిందీలో మళ్లీ చెప్పాను. ఆ రోజు మీరందరూ నవ్విన మనిషి, మేనేజర్ సాబ్ ఎవరని అడిగిన మనిషి, మా అమ్మ తమ్ముడు, నా గురువు, పన్నెండు రోజుల కింద పోయాడు అని, గాజు గది దాకా వినపడేలా చెప్పాను. గాజు గదిలో మేనేజర్ తలెత్తాడు. అక్టోబరులో ఇందులో సగం మాట చాలేది.

పక్కనే ఎవరిదో బండి లిఫ్ట్ మీద ఉంది. కంప్యూటర్ తగిలించి ఉంది, తెర మీద పచ్చటి టిక్కు. పేచ్‌కస్‌ని నా చీర కొంగుతో తుడిచి, చక్రం తిప్పమని ఆ టెక్నీషియన్‌కి చెప్పాను. అతను తిప్పాడు. వంగిన కొసని ఇనుముకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. చీలిన చెక్క చెవిలో గుచ్చుకుంటోంది. తియ్యలేదు, వింటున్నాను.